కాటమరాన్‌ను ట్రెయిలర్ మీద తీసుకెళ్లి, ఒక్కరే మాస్ట్ నిలబెట్టడం ఎలా

ఐదు మీటర్ల కాటమరాన్‌ను (రెండు హల్‌లు, అంటే రెండు సన్నని పడవ దేహాలు పక్కపక్కన ఉండే తెరచాప బోటు) కారు వెనక తగిలించుకుని నీటి దాకా వెళ్లడం చాలామందికి అలవాటే. చిక్కంతా అక్కడికి చేరాక మొదలవుతుంది. ఎనిమిది మీటర్ల మాస్ట్‌ను, అంటే తెరచాపను మోసే నిలువు గొట్టాన్ని, ఇంకో మనిషి లేకుండా నిలబెట్టేదెలా?

మాస్ట్ బరువు 20 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంత బరువు ఎవరైనా ఎత్తగలరు. భయపడాల్సింది అది సగం లేచాక పక్కకు ఒరిగే క్షణం గురించి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు పక్కలకు కట్టే తాళ్లకే ఇచ్చాం. మిగతాదంతా వరస తప్పకుండా చేస్తే సాగిపోయే పని.

కొలతలు చెప్పినచోట హోబీ 16 తరహా బోటును మనసులో పెట్టుకున్నాం: పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కిలోలు, మాస్ట్ 8 మీటర్లు. మీ బోటు కొలతలు వేరైతే లెక్క మారుతుంది, పద్ధతి మారదు.

1. ముందుగా నాలుగు మాటలు

రెండు హల్‌లను కలిపే అడ్డ గొట్టాలను ఇక్కడ ముందు దూలం, వెనక దూలం అంటున్నాం. మాస్ట్ అడుగు కూర్చునేది ముందు దూలం మధ్యలో.

మాస్ట్‌ను రెండు పక్కలా పట్టి ఉంచేవి ష్రౌడ్ వైర్లు. ముందుకు పట్టి ఉంచేది ఫోర్‌స్టే. ఈ వైర్లన్నీ మాస్ట్‌కు తగిలే చోటు హౌండ్. అది అడుగు నుంచి సుమారు 6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండు హల్‌ల ముక్కుల నుంచి వచ్చి మధ్యలో కలిసే వైరు బ్రైడిల్. ఫోర్‌స్టే కింది కొస తగిలేది దానికే.

2. ట్రెయిలర్‌ను సిద్ధం చేయడం

కాటమరాన్ తేలిక కాబట్టి ట్రెయిలర్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దారిలో ఆగిపోయిన వాటిలో చాలావరకు బేరింగ్ పోయినవే ఉంటాయి.

చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగ్ అరిగింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటూ కదిలిందా, బిగింపు వదులైంది. ఏటా ఒకసారి విప్పి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, నీటిని తట్టుకునే గ్రీజు కొత్తగా నింపాలి. పాత దాని మీదే కొత్తది కూరితే లోపలి తుప్పు కనపడదు.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ముద్ర ఉంటుంది: మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెయిలర్ టైర్లు అరగకముందే ఎండకు పగులుతాయి. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చేయడం మంచిది.

వెడల్పు సంగతి బోటు కొనేముందే చూసుకోవాలి. రోడ్డు మీద అనుమతించే వెడల్పు చాలా దేశాల్లో 2.5 నుంచి 2.6 మీటర్ల మధ్య ఉంటుంది. 2.4 మీటర్ల బోటు అందులో ఇముడుతుంది. ఫార్ములా 18 తరగతి బోట్లు 2.6 మీటర్లు, అంటే అంచు మీద ఉన్నట్టే. టోర్నడో 3 మీటర్లు. దాన్ని ఒక పక్కకు వంచి నిలబెట్టే ట్రెయిలర్ కావాలి, లేదా దూలాలు విప్పి తీసుకెళ్లాలి.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- చక్రాల నట్లు పానాతో బిగించి ఉన్నాయా
- టైర్లలో గాలి, చల్లగా ఉన్నప్పుడు కొలిచిందేనా
- బ్రేకు లైటు, రెండు ఇండికేటర్లు వెలుగుతున్నాయా
- కప్లర్ (కారు వెనక బాల్‌కు ట్రెయిలర్‌ను తగిలించే భాగం) లాక్ పడి పిన్ను దిగిందా. బాల్ సైజు కప్లర్ మీద ముద్రించిన సైజుతో కలిసిందా
- రక్షణ గొలుసులు కప్లర్ కింద ఒకదాన్నొకటి దాటుతూ తగిలించారా
- స్టెప్నీ, దానికి సరిపోయే పానా, ట్రెయిలర్ కిందికి దూరే జాకీ ఉన్నాయా (కారు జాకీ చాలాసార్లు దూరదు)

3. బోటు ఎక్కించి కట్టడం

ఒక్కరే ఎక్కించేటప్పుడు రెండు ముక్కులనూ వెనక రోలర్ మీద పెట్టడమే కష్టమైన భాగం. ఒక ముక్కు పెట్టి, అది జారకుండా తాడుతో కట్టి, అప్పుడు రెండోది. ఆ తర్వాత వించ్ (ట్రెయిలర్ ముందు ఉండే, పట్టీని చుట్టి లాగే చేతి యంత్రం) లాగుతుంది.

వించ్ పట్టీని ముందు దూలం కింద ఉండే ఇనుప కడ్డీకి తగిలించకండి. ఆ కడ్డీ మాస్ట్ నొక్కుడును తట్టుకోవడానికి పెట్టింది. ముందుకు లాగితే వంగుతుంది. ముందు దూలం రెండు చివర్లకూ, హల్‌ల పక్కనే, ఒక తాడు కట్టి మధ్యలో ఉచ్చు వేసుకుంటే వించ్ కొక్కెం దానికి తగిలించవచ్చు.

హల్‌ల కింద ఆధారాలు దూలాల దగ్గరగా ఉండాలి. అక్కడే హల్ గట్టిగా ఉంటుంది. రెండు దూలాల మధ్య, పలుచని అడుగుభాగం మీద సన్నని రోలర్ పెడితే ఎత్తుపల్లాల రోడ్డు మీద లోపలికి నొక్కుకుపోతుంది.

కట్టడానికి 25 మిల్లీమీటర్ల పట్టీలు నాలుగు చాలు: ముందు దూలానికి రెండు, వెనక దూలానికి రెండు. చేత్తో లాగి బిగించే బకిల్ ఉన్నవి తీసుకోండి. రాచెట్ పట్టీ ఎంత బిగిసిందో చేతికి తెలియదు, హల్ చప్పిడయ్యేదాకా బిగించేస్తాం. పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి బుయ్యిమని మోగదు, రాపిడీ తగ్గుతుంది.

ఇక కప్లర్ మీద పడే బరువు. బోటుతో సహా ట్రెయిలర్ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం అక్కడ పడాలి. మొత్తం 350 కిలోలైతే 25 నుంచి 35 కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద ఒక చెక్క దిమ్మ నిలబెట్టి, దాని మీద కప్లర్ దించితే తెలిసిపోతుంది. కప్లర్ ఎత్తు కారుకు తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. బరువు తక్కువైతే వేగం పెరగ్గానే ట్రెయిలర్ పాము నడకలా ఊగుతుంది. బోటును కొద్దిగా ముందుకు జరపండి. మాస్ట్ కూడా కట్టాకే ఈ కొలత తీయాలి, ఎందుకంటే ఎనిమిది మీటర్ల గొట్టం అరమీటరు అటూఇటూ జరిగితే లెక్క మారుతుంది.

4. మాస్ట్‌ను ప్రయాణానికి కట్టడం

అడుగు ముందుకు, పైకొస వెనక్కి ఉండేలా పెట్టండి. అలా అయితే చేరాక తిప్పాల్సిన పని లేదు, వెనక్కి జరిపితే చాలు.

ముందు ఆధారం కారు పైకప్పు కన్నా కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలి. సమతలం మీద సరిపోయిందని వదిలేయకండి. నీటిలోకి దిగే దారిలో వాలు మారే చోట కారు ఒక కోణంలో, ట్రెయిలర్ ఇంకో కోణంలో ఉంటాయి. మాస్ట్ అడుగు కారు వెనకద్దానికి తగిలేది అక్కడే. కారు వెనక తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోండి.

వైర్లనూ హాల్యార్డ్ తాళ్లనూ (తెరచాపను పైకి లాగేవి) మాస్ట్ పొడవునా లాగి, ప్రతి 60–90 సెంటీమీటర్లకు ఒక కట్టు వేయండి. వైర్లను చుట్టలు చుట్టకూడదు; ఒకసారి మెలికపడి మడత వచ్చిన వైరు ఆ చోటే తెగుతుంది. చుక్కానులు, వాటిని తిప్పే కర్ర, బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ గొట్టం) విప్పి కారులో పెట్టండి. వెనక పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ, రాత్రయితే లైటు తప్పనిసరి. ఎంత పొడుచుకు రావచ్చన్నది మీరు తిరిగే చోటి రోడ్డు నిబంధన చూసి తెలుసుకోండి.

5. దారిలో

మొదటి 20–30 కిలోమీటర్లకు ఒకసారి ఆగండి. చక్రాల హబ్‌ల మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే, లేదా రెండింటి వేడిలో తేడా బాగా తెలుస్తుంటే, అక్కడితో ఆపేయాలి. పట్టీలు ఈ మొదటి మజిలీలోనే వదులవుతాయి, మళ్లీ బిగించండి.

వెనక్కి నడపడం రానివాళ్లు స్టీరింగ్‌ను అడుగున పట్టుకోండి. చెయ్యి ఎటు జరిపితే ట్రెయిలర్ వెనక భాగం అటే వెళ్తుంది.

6. మాస్ట్ ఎత్తే చోటు ఎంచుకోవడం

మొదట పైకి చూడండి. కరెంటు తీగలు ఎక్కడున్నాయి? మాస్ట్ నిలబెట్టే చోట మాత్రమే చూస్తే సరిపోదు. అక్కడి నుంచి నీటి దాకా బోటు వెళ్లే దారి అంతా నడిచి చూడండి. మాస్ట్ పక్కకు పడితే ఎంత దూరం వెళ్తుందో ఆ పరిధిలో కూడా తీగ ఉండకూడదు. అల్యూమినియం మాస్ట్ తీగకు తగలకపోయినా, హెచ్చు వోల్టేజి దగ్గరికొస్తే కరెంటు దూకుతుంది. హోబీ 16 మాస్ట్‌లు కొన్నింటికి పైభాగం కరెంటు పారని పదార్థంతో చేసి ఉంటుంది. దాన్ని నమ్ముకుని తీగల దగ్గర ఎత్తకండి. కింది భాగం అల్యూమినియమే, వైర్లు ఉక్కువే.

నేల చదునుగా ఉండాలి. ట్రెయిలర్ ఒక పక్కకు 5 డిగ్రీలు వాలినా, 6 మీటర్ల ఎత్తున ఉన్న హౌండ్ అరమీటరు పక్కకు పోయినట్టే.

గాలి ముందు నుంచి గానీ వెనక నుంచి గానీ రావాలి, పక్క నుంచి రాకూడదు. వెనక నుంచి వస్తే ఇంకా మేలు: లేచే మాస్ట్‌ను ముందుకు నెడుతుంది, నిలువుకు వచ్చాక ష్రౌడ్‌లు ఆపుతాయి. 10 నాట్లు (గంటకు సుమారు 18 కిలోమీటర్లు) దాటి విసురుగా వీస్తుంటే ఒక్కరే ఎత్తే పని పెట్టుకోకండి.

ట్రెయిలర్ కారుకు తగిలించే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. బోటును ట్రెయిలర్‌కు కట్టిన నాలుగు పట్టీలూ ఇంకా విప్పకండి. కొందరు చేరగానే అవే ముందు విప్పుతారు. వించ్ లాగడం మొదలవగానే బోటు ముందుకు జారుతుంది.

7. లాగే కోణం: జిన్ పోల్ ఎందుకు

పడుకున్న మాస్ట్‌ను నేరుగా ముందు నుంచి లాగితే లేవదు. అందుకే జిన్ పోల్, అంటే మాస్ట్ అడుగున నిలబెట్టి హౌండ్‌కు తాడుతో కలిపే గొట్టం, కావాలి. ఎందుకో ఒక లెక్క చూద్దాం.

మాస్ట్ 20 కిలోలు, దాని బరువు కేంద్రం అడుగు నుంచి 4 మీటర్ల దూరంలో ఉందనుకోండి. దాన్ని లేపడానికి 20 × 4 = 80 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుడు బలం కావాలి. లాగే తాడు మాస్ట్ కీలుకు (అడుగు తిరిగే చోటుకు) ఎంత దూరం నుంచి పోతుందన్న దాని మీద ఆ తాడులో బిగువు ఆధారపడుతుంది. వించ్ 3 మీటర్లు ముందు ఉందనుకుంటే:

- వించ్ కీలు కన్నా 10 సెంటీమీటర్లే ఎత్తులో ఉంటే తాడు కీలుకు 7 సెంటీమీటర్ల దూరంలో పోతుంది. బిగువు వెయ్యి కిలోలు దాటుతుంది. ఏదో ఒకటి విరుగుతుంది.
- ట్రెయిలర్ ముందు స్తంభం మీద, కీలు కన్నా ఒక మీటరు ఎత్తులో కప్పీ పెట్టి దాని మీదుగా లాగితే దూరం 66 సెంటీమీటర్లు. బిగువు 120 కిలోలు.
- 2 మీటర్ల జిన్ పోల్ నిలబెట్టి దాని కొసను లాగితే దూరం 1.66 మీటర్లు. బిగువు 50 కిలోల లోపే.

మూడోదే మన దారి. స్తంభం బలంగా ఉంటే రెండోది కూడా పనిచేస్తుంది కానీ చాలా ట్రెయిలర్లలో ఆ స్తంభం మాస్ట్‌ను మోయడానికి పెట్టింది, వెనక్కి లాగుడును తట్టుకోవడానికి పెట్టింది కాదు.

జిన్ పోల్‌గా 50 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం గొట్టం సరిపోతుంది. అడుగు కొసకు మాస్ట్‌ను ముందు నుంచి ఆనుకునేలా అర్ధచంద్రాకారపు పట్టు ఉండాలి, దాన్ని మాస్ట్ అడుగుకు తాడుతో కట్టేయాలి. పై కొసకు గట్టి కన్ను బోల్టు. పొడవు వించ్ దూరం కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే దిగే పోల్ స్తంభాన్ని గుద్దుకుంటుంది. బూమ్‌నే వాడేద్దామనిపిస్తుంది, బూమ్‌ను మాస్ట్‌కు కలిపే కీలు ఈ నొక్కుడు కోసం చేసింది కాదు.

8. పక్క తాళ్లు

ష్రౌడ్‌లు తగిలించే ఉన్నాయి కదా, మాస్ట్ పక్కకు ఎలా పడుతుందని చాలామంది అడుగుతారు. ష్రౌడ్‌ల కింది కొసలు మాస్ట్ అడుగు కన్నా వెనకగా ఉంటాయి. ఉదాహరణకు 60 సెంటీమీటర్లు వెనక అనుకుందాం. మాస్ట్ వెనక్కి పడుకున్నప్పుడు హౌండ్ కూడా ఆ కొసకు దగ్గరవుతుంది, కాబట్టి ప్రతి ష్రౌడ్ 60 సెంటీమీటర్ల దాకా వదులుగా వేలాడుతుంది. మాస్ట్ నిలువుకు వచ్చేదాకా అవి బిగుసుకోవు. అప్పటిదాకా పక్కలకు దాన్ని ఆపేది ఏదీ లేదు, మీరు కట్టే తాడు తప్ప.

ఆ తాడు ఎక్కడ కట్టాలన్నదే అసలు విషయం. మాస్ట్ ఏ కీలు మీద తిరుగుతుందో ఆ కీలు గీతను రెండు పక్కలకూ సాగదీయండి. ఆ గీత మీద ఎక్కడ కట్టినా, మాస్ట్ ఏ కోణంలో ఉన్నా హౌండ్‌కు దూరం మారదు. అంటే తాడు మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో ఉంటుంది. కాటమరాన్‌లో అదృష్టవశాత్తూ ఆ గీతకు దగ్గరలోనే ముందు దూలం చివర్లు ఉన్నాయి.

తాడుకు వేరే వెతుక్కోనక్కర్లేదు. హౌండ్ దగ్గర ట్రాపీజ్ వైర్లు (నడిపేవాళ్లు బోటు పక్కకు వేలాడేందుకు వాడేవి) ముందే ఉంటాయి, మనిషి బరువు మోసేవే. వాటి కింది కొసకు, సాగని 5 మిల్లీమీటర్ల తాడు ఒకటి కట్టి, ముందు దూలం చివర చుట్టి బిగించండి. ఎలాస్టిక్ తాడు ఉన్న భాగానికి కట్టకండి, వైరు కన్నుకు కట్టండి.

కీలు దూలం కన్నా కొద్దిగా పైన ఉంటుంది. కట్టే చోటు కీలుకు 5 సెంటీమీటర్లు కింద ఉంటే, మాస్ట్ లేచేకొద్దీ పక్క తాడు 5 సెంటీమీటర్ల మేర బిగుసుకుంటుంది. కాబట్టి మాస్ట్ పడుకున్నప్పుడు ఆ 5 సెంటీమీటర్ల వదులు ఇవ్వాలి. ఆ వదులు వల్ల హౌండ్ మొదట్లో 25 సెంటీమీటర్ల మేర అటూఇటూ ఊగుతుంది, ఫర్వాలేదు. మొదటిసారి ఇవ్వాల్సిన వదులు తెలిశాక తాడు మీద ఇన్సులేషన్ టేపుతో గుర్తు వేసుకోండి. ఇక ప్రతిసారీ కొలవనక్కర్లేదు.

జిన్ పోల్‌కు కూడా ఇవే కావాలి. దాని పై కొస నుంచి రెండు తాళ్లు, అవే దూలం చివర్లకు. ఇవి మరిచిపోతే పోల్ ఒక పక్కకు ఒరిగి, మాస్ట్ అడుగును మెలితిప్పుతుంది.

9. మాస్ట్ ఎత్తడం: వరస

1. మాస్ట్ అడుగు చుట్టూ ఒక తాడు ఉచ్చు వేసి, ముందు దూలం కిందుగా తిప్పి వదులుగా కట్టండి. ఎందుకంటే మాస్ట్‌ను వెనక్కి జరుపుతున్నప్పుడు బరువు కేంద్రం వెనక రోలర్ (మాస్ట్‌ను మోసే రోలర్, బోటు ఎక్కించేది కాదు) దాటుతుంది, అప్పుడు అడుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు గడ్డానికి తగిలేది ఇదే. మాస్ట్ జరిగేకొద్దీ ఉచ్చు బిగించుకుంటూ రండి.

2. వెనక రోలర్‌ను ట్రాంపొలిన్ (హల్‌ల మధ్య బిగించిన గుడ్డ వేదిక) కన్నా అరమీటరు ఎత్తున ఉంచగలిగితే ఉంచండి. మాస్ట్ మొదలే 10 డిగ్రీలు లేచి ఉంటుంది, వించ్‌కు శ్రమ తగ్గుతుంది.

3. అడుగును దాని చోట కూర్చోబెట్టి కీలు పిన్ను వేయండి, దానికి రింగు పెట్టండి. కట్టిన ఉచ్చు ఇప్పుడు తీసేయవచ్చు.

4. వైర్ల కట్లన్నీ విప్పండి. ష్రౌడ్‌లు రెండూ తగిలించండి, మామూలుగా వాడే రంధ్రం కన్నా ఒకటి వదులుగా. రెండు పక్కలా ఒకే రంధ్రం కావాలి. వైరు కొసలో కన్ను లోపల ఉండే లోహపు ఉంగరం సర్దుబాటు పట్టీలో నిటారుగా నిలబడి ఉందా చూడండి. వదులుగా ఉన్న వైరులో అది అడ్డం తిరుగుతుంది. అలాగే లాగితే కన్ను వంగిపోతుంది, కొన్నాళ్లకు తెగుతుంది. పట్టీని ఎలాస్టిక్ ముక్కతో పైకి లాగి కడితే తిరగదు.

5. రెండు ష్రౌడ్‌లనూ కింద నుంచి పై దాకా చేత్తో తడుముతూ వెళ్లండి. చుక్కాని కొక్కెం, ట్రెయిలర్ లైటు పట్టీ, హల్ వెనక అంచు: వైరు ఇరుక్కునేది ఎప్పుడూ ఈ మూడింట్లో ఒక దానికే.

6. పక్క తాళ్లు కట్టండి.

7. జిన్ పోల్ నిలబెట్టి అడుగున కట్టండి, దాని పక్క తాళ్లు బిగించండి. హౌండ్ నుంచి 8 మిల్లీమీటర్ల వేరే తాడు ఒకటి పోల్ కొసకు కట్టండి. ఫోర్‌స్టేను దీనికి వాడకండి. చివర్లో దాన్ని బ్రైడిల్‌కు తగిలించాలి కాబట్టి అది ఖాళీగా ఉండాలి. ఫోర్‌స్టే కింది కొసను పోల్‌కు దగ్గరగా తేలిగ్గా కట్టి ఉంచుకోండి, లేకపోతే మాస్ట్ నిలబడ్డాక అది అందకుండా వేలాడుతుంది.

8. వించ్ పట్టీని పోల్ కొసకు తగిలించండి. కొక్కెం మూతి తెరుచుకోకుండా టేపు చుట్టండి.

9. వించ్ తిప్పండి. మాస్ట్ కొస రోలర్ నుంచి 30 సెంటీమీటర్లు లేవగానే ఆపండి. ఇప్పుడు బరువంతా తాళ్ల మీద ఉంది. చుట్టూ తిరిగి ముడులు, పిన్నులు, పోల్ అడుగు అన్నీ చూడండి. తప్పు ఉంటే ఇక్కడే దించడం తేలిక.

10. 45 డిగ్రీల దగ్గర మళ్లీ ఆపండి. ష్రౌడ్‌లు ఎక్కడైనా పట్టుకున్నాయా? పక్క తాళ్లు బిగుసుకుపోతున్నాయా?

11. నిలువుకు వచ్చేసరికి వించ్ తేలికైపోతుంది. ష్రౌడ్‌లు బిగువు అందుకోగానే ఆగండి, ఇంకో రెండు పళ్లు లాగుదామనుకోకండి. వించ్‌కు లాక్ వేయండి.

12. మాస్ట్‌ను వించ్ పట్టుకుని ఉంది, మీ రెండు చేతులూ ఖాళీ. ఫోర్‌స్టేను బ్రైడిల్‌కు తగిలించి, పిన్ను వేసి, రింగు పెట్టి, టేపు చుట్టండి.

13. ఫోర్‌స్టే పట్టిందని లాగి చూశాకే వించ్ వదులు చేయండి. పక్క తాళ్లు కట్టి ఉండగానే ష్రౌడ్‌లు వాటి అసలు రంధ్రానికి మార్చండి, ఒకసారికి ఒక్క పక్క మాత్రమే. తర్వాత పోల్, పక్క తాళ్లు విప్పి, ట్రాపీజ్ వైర్లను మామూలుగా పెట్టేయండి.

14. కీలు పిన్ను తీయండి. తిరిగే మాస్ట్ ఉన్న బోట్లలో ఇది మరిచిపోతే తెరచాప లాగినప్పుడు మాస్ట్ తిరగలేక అడుగు పోత విరుగుతుంది. పిన్ను తాళంచెవుల గుత్తికి తగిలించుకోండి. ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ కావాలి.

మొదటిసారి ఇదంతా గంట దాటుతుంది. తాళ్లకు గుర్తులు పడ్డాక బాగా తగ్గుతుంది.

10. ఎక్కడ తప్పుతుంది, ఏం చేయాలి

*వించ్ బిగుస్తోంది, మాస్ట్ లేవడం లేదు.* తిప్పడం ఆపండి. ఒక ష్రౌడ్ ఎక్కడో ఇరుక్కుంది, లేదా అడుగు కీలులో సరిగా కూర్చోలేదు. బలం పెట్టి లాగితే మొదట పోయేది ష్రౌడ్ పట్టీ.

*మాస్ట్ ఒక పక్కకు వంగి లేస్తోంది.* పక్క తాళ్ల పొడవులో తేడా, లేదా ట్రెయిలర్ వాలింది. దించి సరిచేయండి. మధ్యలో తాడు విప్పి మళ్లీ కట్టే ప్రయత్నం వద్దు.

*పక్క తాడు ఒకటి తెగింది లేదా జారింది.* వించ్ దగ్గరే నిలబడి మెల్లగా దించండి. మాస్ట్ పడడం మొదలైతే వదిలేసి పక్కకు తప్పుకోండి. వంగిన మాస్ట్ మార్చుకోవచ్చు. పడుతున్న మాస్ట్‌ను భుజంతో ఆపుదామనే ఆలోచన మనసులోకే రానివ్వకండి.

*ఫోర్‌స్టే రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది.* ష్రౌడ్‌లు వదులు రంధ్రంలో పెట్టలేదు. వించ్‌తో బలవంతంగా ముందుకు లాగకండి. జిబ్ (ముందు తెరచాప) హాల్యార్డ్‌ను బ్రైడిల్‌కు కట్టి మాస్ట్‌ను నిలిపి, వించ్ కొద్దిగా వదిలి, ష్రౌడ్‌లు ఒక్కో రంధ్రం వదులు చేయండి.

*హాల్యార్డ్ కొస పైకి వెళ్లిపోయింది.* మాస్ట్ మళ్లీ దించాల్సిందే. ఎత్తేముందే రెండు కొసలూ మాస్ట్ అడుగున కట్టి ఉన్నాయో లేదో చూసుకుంటే ఈ బాధ ఉండదు.

11. నీటిలోకి దించడం

ట్రెయిలర్ హబ్‌లను నీళ్లలో ముంచకండి. ప్రయాణంలో వేడెక్కిన హబ్ చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. ఉప్పునీరైతే ఇక చెప్పనక్కర్లేదు. కాటమరాన్ తేలిక కాబట్టి వెడల్పు చక్రాల చేతిబండి మీదికి మార్చి ఇసుక మీద తోసుకెళ్లవచ్చు. ముంచక తప్పకపోతే లైట్ల ప్లగ్గు తీసి, హబ్‌లు చల్లారేదాకా ఆగండి.

మాస్ట్ నిలబెట్టిన బోటును కారుతో లాగాల్సి వస్తే మనిషి నడిచే వేగం మించకూడదు. ముందుగా మీరు చూసి వచ్చిన దారిలోనే వెళ్లండి.

12. మాస్ట్ దించడం

అందరూ అలసిపోయి చేసే పని ఇది, అందుకే ప్రమాదాలు ఇక్కడ ఎక్కువ. వరస తిరగేయడమే అయినా మూడు తేడాలున్నాయి.

ఒకటి: ఎత్తేటప్పుడు బరువు మొదట ఎక్కువ, చివర తక్కువ. దించేటప్పుడు తలకిందులు. తేలిగ్గా మొదలై, నేలకు దగ్గరయ్యేకొద్దీ బరువెక్కుతుంది. వించ్ లాక్ తీసి హ్యాండిల్ వదిలేస్తే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. చేత్తో ఒక్కో పన్ను చొప్పున వదలండి, డ్రమ్ మీద ఎప్పుడూ కనీసం మూడు చుట్లు మిగిలేలా. బ్రేకు ఉన్న వించ్ అయితే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

రెండు: మాస్ట్ నిలువు నుంచి కదలదు, ముఖ్యంగా గాలి వెనక నుంచి వస్తుంటే. మెయిన్ హాల్యార్డ్ కొసను వెనక దూలం మీదుగా తెచ్చి మెల్లగా లాగితే కదులుతుంది. కదిలాక ఆ తాడు వదిలేసి వించ్ దగ్గరికి రండి.

మూడు: ఫోర్‌స్టే పిన్ను తీసే ముందు ఈ ఐదూ చేత్తో తాకి చూడండి, కంటితో చూసి సరిపెట్టుకోకండి.

- కీలు పిన్ను, రింగు వేసి ఉన్నాయి
- రెండు పక్క తాళ్లు గుర్తు దగ్గర కట్టి ఉన్నాయి
- జిన్ పోల్ పక్క తాళ్లు కట్టి ఉన్నాయి
- హౌండ్ తాడు పోల్ కొసకు, వించ్ పట్టీ పోల్ కొసకు తగిలి ఉన్నాయి, రెండూ బిగువుగా ఉన్నాయి
- వెనక రోలర్ తన చోటులో ఉంది, దాని చుట్టుపక్కల మనిషి గానీ కారు గానీ లేదు

మాస్ట్ రోలర్ మీద వాలాక, కీలు పిన్ను తీసే ముందు అడుగుకు మళ్లీ ఉచ్చు వేయండి. బరువు కేంద్రం ఇంకా రోలర్‌కు అవతలే ఉంది. అడుగును కిందికి నొక్కి పట్టుకుని ముందుకు జరుపుతూ, ముందు స్తంభం మీదికి చేరాకే ఉచ్చు విప్పండి. వైర్లను మంచినీటితో కడిగి, ఆరాక కట్లు వేసి, పోగు లేచిన వైరు ఏదైనా ఉందేమో పాత గుడ్డతో తుడుస్తూ చూడండి. ఒక్క పోగు తెగినా గుడ్డ పట్టుకుంటుంది. ఆ వైరును వచ్చే ప్రయాణానికి ముందే మార్చేయాలి.